మీకు తెలుసా? పేలుడు తర్వాత మొదట వినిపించే పేరు

బాంబు పేలిన గంటకే టీవీలో అనుమానితుల పేరొకటి వచ్చేస్తుంది. దర్యాప్తు తేలడానికి ఏళ్లు పడుతుంది. తీరా తేలాక ఆ మొదటి పేరు తప్పని రుజువైనా, విన్నవాళ్ల మనసులోంచి అది అంత తేలిగ్గా పోదు. దానికి పార్టీ అభిమానం తోడైతే ఇక చెప్పేదేముంది!

◆ ఐక్యరాజ్యసమితి భద్రతా మండలే ఒకసారి చెయ్యనివాళ్ల మీద నేరం వేసి తీర్మానం చేసింది. 2004 మార్చి 11 పొద్దున ఏడున్నర దాటాక, స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో నాలుగు లోకల్ రైళ్లలో మూడే మూడు నిమిషాల్లో పది బాంబులు పేలాయి. పనులకూ చదువులకూ వెళ్లేవాళ్లతో కిక్కిరిసిన రైళ్లవి. 190 మందికి పైగా చనిపోయారు. మరో మూడు రోజుల్లో పార్లమెంటు ఎన్నికలు. ప్రధాని హోసే మరియా అజ్నార్ పెద్ద పత్రికల సంపాదకులకు స్వయంగా ఫోన్లు చేసి, ఇది బాస్క్ వేర్పాటువాద సంస్థ ఎటా పనేనని చెప్పారు. సోషలిస్టు ప్రతిపక్షం వైపు మొగ్గే పత్రికగా పేరున్న ‘ఎల్ పాయిస్’ కూడా ఆ మాట నమ్మింది. మధ్యాహ్నం తెచ్చిన ప్రత్యేక సంచికలో పతాక శీర్షికలోనే ఎటా పేరు వేసింది. అదే రోజు భద్రతా మండలి 1530వ తీర్మానంలోనూ ఆ పేరు ఎక్కింది.

ఆ పేరు మీద అంత పట్టుదల ఎందుకు? చేసింది ఎటా అయితే, దానిపై కఠినంగా ఉన్న ప్రభుత్వానికి ఓట్లు పెరుగుతాయి. చేసింది అల్ ఖైదా బాటలో నడిచేవాళ్లయితే, వద్దు వద్దంటున్నా ఇరాక్ యుద్ధానికి మద్దతిచ్చి ఈ ముప్పు తెచ్చారని జనం తిరగబడతారు. ఆ రోజే అల్కలా దె ఎనారెస్ స్టేషన్ దగ్గర ఆగి ఉన్న వ్యానులో పోలీసులకు డిటొనేటర్లు, ఖురాన్ పఠనం ఉన్న ఒక క్యాసెట్ దొరికాయి. పేలకుండా మిగిలిన ఒక సంచిలోని సెల్‌ఫోన్ సిమ్ కార్డు ఆధారంగా మార్చి 13న అరెస్టులు మొదలయ్యాయి. అప్పటికీ ప్రభుత్వం ఎటా పేరు వదల్లేదు.

◆ వాట్సాప్ లేని ఆ రోజుల్లో ఒక్క మాట వేల మందిని వీధిలోకి తెచ్చింది. పోలింగ్‌కు ముందు రోజు స్పెయిన్‌లో ప్రచారం నిషిద్ధం. ఆ శనివారం సెల్‌ఫోన్లలో తిరిగిన ఎస్సెమ్మెస్‌లు ‘పాసలో’ అనే మాటతో ముగిశాయి. ఇంకొకరికి పంపు అని అర్థం. సాయంత్రానికి మాడ్రిడ్‌లో అధికార పార్టీ కార్యాలయం ముందు జనం పోగయ్యారు. ఓటు వేసేలోపు మాకు నిజం చెప్పండి అన్నదే వాళ్ల నినాదం. మర్నాడు సోషలిస్టులు గెలిచారు.

◆ కోర్టు తేల్చినా వాదన తెగలేదు. 2007 అక్టోబరు 31న 21 మందికి శిక్షలు పడ్డాయి. దాడిలో ఎటా పాత్ర ఉందనడానికి ఆధారమేదీ కోర్టుకు కనబడలేదు. అయినా ఒక దినపత్రిక, ఒక రేడియో నెట్‌వర్క్ ఏళ్ల తరబడి ఎటా అనుమానాన్ని రగిలిస్తూనే ఉన్నాయి. ఓడిన పార్టీ అభిమానుల్లో చాలామంది వాటినే నమ్మారు. చచ్చిపోయినవాళ్లు అందరివాళ్లు, చంపిందెవరన్నది మాత్రం ఎవరి పార్టీని బట్టి వాళ్లకు! బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఈ రభస వింటూ బతకాల్సి రావడం ఘోరం.

◆ 1995లో అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ట్రక్కు బాంబు 168 మందిని బలిగొంది. టీవీల్లో మొదట వినిపించిన అనుమానం పశ్చిమాసియా ఉగ్రవాదుల మీద. చేసింది తిమోతీ మెక్‌వే, అమెరికా మాజీ సైనికుడు.

◆ 2001 సెప్టెంబరు 11న విమానాలు హైజాక్ చేసిన 19 మందిలో ఇరాకీ ఒక్కడూ లేడు. పదిహేను మంది సౌదీలు. అయినా రెండేళ్ల తర్వాత ‘వాషింగ్టన్ పోస్ట్’ సర్వేలో 69 శాతం మంది, ఆ దాడిలో సద్దాం హుస్సేన్ హస్తం ఉండి ఉండవచ్చన్నారు. అదే ఏడాది మేరీలాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరో సంగతి బయటపెట్టారు. ఇరాక్ యుద్ధం గురించిన మూడు ప్రధాన అపోహల్లో కనీసం ఒకటి నమ్మినవాళ్లు, ప్రధానంగా ఫాక్స్ న్యూస్ చూసేవాళ్లలో 80 శాతం; ప్రజా ప్రసార సంస్థల వార్తలపై ఆధారపడేవాళ్లలో 23 శాతం.

◆ ఉగ్రవాదుల్ని పట్టుకోవడానికి ప్రభుత్వం ఫోన్లపై నిఘా పెట్టవచ్చా? 2006లో, అమెరికాలో బుష్ పాలనలో సర్వే వాళ్లు అడిగితే రిపబ్లికన్లలో 75 శాతం, డెమోక్రాట్లలో 37 శాతం సరేనన్నారు. 2013లో, ఒబామా హయాంలో, ఇంచుమించు అదే ప్రశ్నకు రిపబ్లికన్లు 52 శాతానికి దిగారు, డెమోక్రాట్లు 64 శాతానికి ఎక్కారు. నిఘా పెట్టే సంస్థ అప్పుడూ ఇప్పుడూ ఒకటే. మారింది గద్దె మీది మనిషి.

◆ మన హైదరాబాద్ సంగతి కూడా చెప్పుకోవాలి. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా నమాజు వేళ బాంబు పేలి తొమ్మిది మంది పోయారు. ఆ తర్వాత అల్లర్లలో పోలీసు కాల్పులకు మరికొందరు బలయ్యారు. పాతబస్తీ కుర్రాళ్లను పదుల సంఖ్యలో పట్టుకెళ్లారు. కోర్టు తేల్చకముందే వాళ్ల పేర్ల పక్కన ఉగ్రవాది అన్న మాట చేరిపోయింది. తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చినా ఆ మాట వాళ్లను వెంటాడింది. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పరిహారం ఇచ్చింది. ఇరవై మందికి తలా మూడు లక్షలు, యాభై మందికి తలా ఇరవై వేలు. మంచి నడవడిక ఉన్నవాళ్లేనని ధ్రువపత్రాలూ ఇచ్చింది. తప్పు చెయ్యనివాడు తాను తప్పు చెయ్యలేదని సర్కారు కాగితం జేబులో పెట్టుకుని తిరగాల్సి వచ్చిందన్నమాట! మరుసటి ఏడాది హైకోర్టు ఆ పరిహారం ఉత్తర్వును కొట్టేసింది.

పరిహారానికి ముందే దర్యాప్తు ఒక హిందూత్వ బృందం వైపు మళ్లింది. పార్టీలు ఉగ్రవాదానికి రంగులు పూసి కొట్లాడుకున్నాయి. 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు, విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ ఆధారాలు లేవని వదిలేసింది. నమాజుకు వచ్చిన ఆ తొమ్మిది మందిని చంపింది ఫలానావాళ్లని ఏ కోర్టూ తేల్చలేదు.