కాందిశీకులు: బర్మా తెలుగువారి చరిత్ర నేర్పు పాఠము

శరణార్థులకు తెలుగున 'కాందిశీకులు' అను మాట చిరకాలముగా వాడుకలో నున్నది. 'ఏ దిక్కునకు పోదును?' అను నర్థమిచ్చు సంస్కృత పదముల నుండి యిది పుట్టినదని వ్యుత్పత్తి చెప్పుదురు. భయముచే పారిపోవువాడని అమరకోశము దీనికి అర్థము చెప్పినది. బ్రతుకుతెరువునకై ఊరు విడుచువానికి పోవలసిన దిక్కు తెలిసియుండును. తిరిగి వచ్చుటకు దారియు నుండును. కాందిశీకునకు ఈ రెండును లేవు.

ఉద్యోగములకును, కూలిపనులకును కాడుగోడి, వైట్‌ఫీల్డు ప్రాంతములకు వచ్చి స్థిరపడిన తెలుగువారు మొదటి తెగకు చెందినవారు. పండుగనాటికి రైలెక్కి సొంత ఊరు చేరగల మనకు రెండవ తెగవారి దుఃఖము సులభముగా బోధపడదు. అయినను మొదటి తెగవారు చూచుచుండగనే రెండవ తెగగా మారిన ఘట్టము మన చరిత్రలోనే కలదు. అది బర్మా తెలుగువారి కథ.

పందొమ్మిదవ శతాబ్దిలో గోదావరి, విశాఖపట్టణము, గంజాము మండలముల నుండి వేలాదిమంది ఓడలెక్కి రంగూనునకు పోయిరి. కాకినాడకు సమీపముననున్న కోరంగి రేవు పేరిట వారిని అచటివారు 'కోరంగీలు' అని పిలిచిరి. ఓడరేవున బరువులు మోయుట, బియ్యపు మిల్లులలో పనిచేయుట, రిక్షాలు లాగుట వారి ముఖ్యమైన వృత్తులు. 1931వ సంవత్సరపు జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను జనులలో సగమునకు పైగా వారే.

ఆర్థికమాంద్యము ముదిరిన కొలది పనికై పోటీ పెరిగెను. 1930 మే నెలలో రేవు కూలీల సమ్మె సందర్భమున చెలరేగిన అల్లర్లలో తెలుగు కూలీలు పెక్కురు ప్రాణములు కోల్పోయిరి. 1937 ఏప్రిల్ 1వ తేదీన బర్మా భారతదేశము నుండి వేరుపడెను. ఉన్నచోటు నుండి అడుగైనను కదలకయే మనవారు పరదేశీయులైరి. స్థానభ్రంశమునకు మనిషి కదలనక్కరలేదు, సరిహద్దు కదలినను చాలునని దీనివలన తెలియుచున్నది.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము వారి వశమయ్యెను. ఓడలలో చోటు దొరికినవారు కొలదిమందియే. తక్కినవారు తౌంగప్ కనుమ దాటి ఆక్యాబు మీదుగా చిట్టగాంగునకును, టాము మీదుగా మణిపురమునకును కాలినడకను పోయిరి. నాలుగు లక్షలకు పైగా భారతీయులు ఈ విధముగా తరలివచ్చిరని అంచనా. కలరా, చలిజ్వరము, ఆకలి వలన త్రోవలోనే మరణించినవారు వేలకొలది. ప్రాణములతో తీరము చేరినవారికి అచటను అభయము లేకపోయెను: 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము, కాకినాడల పైనను బాంబులు పడెను.

యుద్ధానంతరము కొందరు మరల బర్మాకు పోయిరి. కొందరు అచటనే నిలిచియుండిరి. 1962 మార్చిలో జనరల్ నెవిన్ అధికారము చేజిక్కించుకొనెను. 1964లో దుకాణములు జాతీయము చేయబడెను. ఏబది, నూరు చాట్ల నోట్లు రద్దయ్యెను. జీవితకాలపు కూడబెట్టు ఒక్కనాట కాగితమై, మనవారు ఓడలలో మదరాసు, విశాఖ రేవులకు చేరిరి. విశాఖలో కంచరపాలెమునందలి బర్మా క్యాంపు నాటి గురుతు.

ప్రభుత్వ పత్రములలో వీరు శరణార్థులు కారు, 'స్వదేశమునకు మరలివచ్చినవారు'. కాని వీరిలో అనేకులు బర్మాలోనే పుట్టినవారు. తాతల యూరు పేరు వినినవారే కాని చూచినవారు కారు. పిల్లలు బర్మా భాషలో చదివినవారు. పెద్దల వ్యాపారములు సముద్రమున కావలనే పోయినవి. ఇట్టివారి పునరావాసమునకై 1969లో కేంద్రప్రభుత్వము స్థాపించిన రెప్కో బ్యాంకు నేటికిని దక్షిణ రాష్ట్రములలో పనిచేయుచున్నది. గమ్యము చేరుటతో కష్టము తీరదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు.

శరణార్థుల హక్కులను నిర్వచించిన 1951వ సంవత్సరపు అంతర్జాతీయ ఒడంబడికపై భారతదేశము సంతకము చేయలేదు. శరణార్థులకై ప్రత్యేకచట్టమును మనకు లేదు. కావున ఆశ్రయము ఆయా ప్రభుత్వముల నిర్ణయముపై, ఇరుగుపొరుగుల సహృదయముపై ఆధారపడియున్నది. నాటి మైసూరు ప్రభుత్వము బైలకుప్పెలో టిబెట్టువారికి సుమారు మూడువేల ఎకరముల భూమి నిచ్చుట ఇందుకు మేలైన ఉదాహరణము. సేద్యమునకు భూమి, బిడ్డలకు బడి, స్వభాషకు చోటు లభించుటచే వారు అచట నిలద్రొక్కుకొనిరి.

అన్నవస్త్రము లిచ్చుట మొదటి మెట్టు మాత్రమే. గుర్తింపు పత్రములు, బడిలో ప్రవేశము, ఊరి భాష, చేతికి పని: ఈ నాలుగును కుదిరిననాడే కాందిశీకుడు పౌరుడగును. కొత్త ఊరిలో కన్నడము నేర్చి, అద్దె ఇల్లు వెదకి, చిరునామా పత్రమునకై కచేరీల చుట్టు తిరిగిన మనకు ఈ నాలుగింటి విలువ కొంత తెలియును. దరఖాస్తు వ్రాసిపెట్టుట, పిల్లవానిని బడిలో చేర్చుట వంటి సాయము మన సంఘముల శక్తికి మించినది కాదు. ఉత్తరాంధ్ర కుటుంబములలో బర్మా నడకను విన్న వృద్ధులు ఇంకను ఉన్నారు. వారి నోటిమాట నేడే వ్రాసియుంచవలెను. మనవారొకనాడు 'ఏ దిక్కునకు పోదును?' అని యడిగినవారేనని తెలిసినచో, నేడు అదే ప్రశ్నతో మన గడప ముందు నిలిచినవాని మాట మన చెవికెక్కును.