చట్టం ఒప్పుకున్నా ఉద్యోగం ఒప్పుకోదు

అమలాపురం, రాజోలు, కొత్తపేట - మన కోనసీమలో ఎక్కడ ప్రార్థన కూటం పెట్టినా విదేశాలలో ఉన్న బిడ్డల కొరకు ఒక మనవి తప్పక వస్తుంది. ఈ మధ్య కొందరు తల్లిదండ్రులు మమ్మల్ని మెల్లగా అడుగుతున్నారు: "అమెరికాలో గంజాయి తప్పు కాదటగదండీ?"

అది సగం నిజం. కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ప్రజలు 2012లో ఓటు వేసి పెద్దల వాడకానికి దానిని అనుమతించారు. తరువాత మరెన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. కెనడాలో 2018 అక్టోబరు 17 నుండి దేశమంతటా అనుమతి ఉంది. కాని అమెరికా కేంద్ర చట్టంలో గంజాయి నేటికీ నియంత్రిత మత్తుపదార్థమే.

బ్రాండన్ కోట్స్ సంగతి చూడండి. కాళ్లూ చేతులూ చచ్చుబడి చక్రాల కుర్చీలో ఉన్న మనిషి. కొలరాడోలో డిష్ నెట్‌వర్క్ సంస్థలో ఫోనులో ఖాతాదారులకు జవాబు చెప్పే ఉద్యోగి. కండరాలు బిగుసుకుపోయే బాధకు రాష్ట్రం ఇచ్చిన అనుమతితో ఇంటి దగ్గరే గంజాయి వాడేవాడు. మత్తులో పనికి వచ్చాడని ఎవ్వరూ అనలేదు. అయినా పరీక్షలో బయటపడినందుకు 2010లో ఉద్యోగం పోయింది. 2015లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా సంస్థ పక్షమే తీర్పు చెప్పింది. మాకైతే ఆ మనిషి మీద జాలి కలుగుతుంది. కాని తీర్పు తీర్పే.

సారా త్రాగినవాణ్ణి ఊదించి చూస్తే ఆ పూట సంగతి తెలుస్తుంది. గంజాయి అలా కాదు. దాని సారం కొవ్వులో కరిగి నిలిచిపోతుంది. మత్తు దిగిపోయినా మూత్రంలో రోజుల తరబడి, అలవాటున్నవారికి వారాల తరబడి కనిపిస్తుంది. శనివారం పీల్చినది తరువాతి శుక్రవారం పట్టించవచ్చు. ఇది అన్యాయమని కాలిఫోర్నియా 2024 జనవరి 1 నుండి ఇటువంటి ఆనవాళ్లను బట్టి ఉద్యోగం తీసివేయరాదన్నది. అయితే భవన నిర్మాణ పనివారికి ఆ రక్షణ లేదు. రాష్ట్రాల మధ్య లారీలు నడిపేవారికి కేంద్రం పరీక్ష ఎక్కడైనా తప్పదు.

మనకిది క్రొత్త సంగతేమీ కాదు. లైసెన్సున్న కల్లుపాక చట్టబద్ధమే. కల్లు త్రాగి వచ్చిన డ్రైవరుకు మాత్రం ఆర్టీసీ బస్సు ఇవ్వరు. కొరింథు సంఘంలోనూ "అనుమతి ఉంది కదా" అన్న వాదన లేచింది. పౌలు మొదటి పత్రిక ఆరవ అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి.

మన పిల్లలకు మరో చిక్కుంది. రాష్ట్రం అనుమతించిన గంజాయి వాడినా, ఆ వ్యాపారంలో పనిచేసినా పౌరసత్వపు దరఖాస్తుకు అడ్డు రావచ్చునని అమెరికా వలస శాఖ 2019 ఏప్రిల్‌లో స్పష్టం చేసింది. ఇక్కడికి తెచ్చుకుంటే 1985 నాటి మత్తుపదార్థాల చట్టం ఉండనే ఉంది.

గల్ఫ్ వెళ్లేవారికి గంజాయి మాట అటుంచి, నొప్పి మాత్రలే ప్రమాదం. ట్రమడాల్, కోడీన్ ఉన్న మందులు దుబాయి తీసుకువెళ్లాలంటే ముందుగా అక్కడి ప్రభుత్వ అనుమతి కావాలి. డాక్టరు చీటీ కూడా పెట్టెలోనే పెట్టి పంపండి.