ముద్ర ముందు, విచారణ తరవాత: హైదరాబాద్ పాతబస్తీలో మూసభావనలు – నేరన్యాయం, పాఠశాల క్రమశిక్షణ

వ్యాససంగ్రహం

ఒక సమూహాన్ని గురించి ముందుగానే ఏర్పడిన అభిప్రాయం పోలీసుల నిర్ణయాలను, ఉపాధ్యాయుల నిర్ణయాలను ఏ విధంగా ప్రభావితం చేస్తుందో హైదరాబాద్ పాతబస్తీ ఆధారంగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. మక్కా మసీదు పేలుడు (2007) తరవాతి అరెస్టులు, రాత్రివేళ అరుగుల మీద కూర్చున్న యువకులపై పోలీసుల చర్యలు, పాఠశాల శిక్షలకు సంబంధించిన చట్టాలు ఇందులో చర్చకు వస్తాయి. న్యాయస్థానం తీర్పు నేరారోపణను తొలగించగలదు గాని, తీర్పుకు ముందే పడిన ముద్రను తొలగించే వ్యవస్థ మనకు లేదని, ఆ ముద్ర లెక్కకు అందని చిన్న చిన్న నిర్ణయాల్లో ఏర్పడుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూసభావన, పాతబస్తీ, నేరన్యాయం, పాఠశాల క్రమశిక్షణ, రౌడీషీటు, దక్కనీ.

1. ఉపోద్ఘాతం

నేరన్యాయంలోనూ పాఠశాల శిక్షల్లోనూ అసమానతను గురించిన పరిశోధన అమెరికాలో ప్రధానంగా నల్లజాతి ప్రజల అనుభవం చుట్టూ పెరిగింది. ఆ చర్చను మన సందర్భానికి అన్వయించేటప్పుడు మొదట ఎదురయ్యే ప్రశ్న 'జాతి' అన్న మాట గురించే. మన సమాజంలో ఒక మనిషి ఎవరో చర్మం రంగును బట్టి నిర్ణయించరు. పేరు, ఇంటిపేరు, మాట యాస, వేషధారణ, నివాసముండే బస్తీ ఆ పని చేస్తాయి. ఐక్యరాజ్యసమితి జాతివివక్ష నిర్మూలన సంఘం 2002లోనే పుట్టుక ఆధారంగా చూపే వివక్షలో కులం కూడా చేరుతుందని వ్యాఖ్యానించింది. కాబట్టి ఇక్కడ జాతికి సమానార్థకాన్ని వెతకడం కన్నా, ముద్ర పడే విధానాన్ని పరిశీలించడం ప్రయోజనకరం.

ఒక సమూహంలోని వ్యక్తులందరికీ ఒకే స్వభావాన్ని ముందుగానే అంటగట్టే ఆలోచనను ఈ వ్యాసంలో 'మూసభావన' అని వ్యవహరిస్తున్నాం. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా జనాభాలో ముస్లింలు సుమారు 43 శాతం. పాతబస్తీలో వారి సాంద్రత ఇంకా ఎక్కువ. అయితే ముద్ర ఒక్క మతానికే పరిమితం కాదు. వినాయక విగ్రహాలకు, గాలిపటాలకు పేరుపొందిన ధూల్‌పేట గుడుంబా పేరుతోనే ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేది. అక్కడి లోధా కుటుంబాలు ఆ పేరును చాలాకాలం మోశాయి. మతం, కులం, చోటు ఒకదానితో ఒకటి కలిసి పనిచేస్తాయనడానికి ఇది నిదర్శనం.

2. చారిత్రక నేపథ్యం: బడి, చెర ఒకే చట్టంలో

పుట్టుకనే నేరానికి ఆధారంగా తీసుకున్న శాసనం 1871 నాటి నేరస్థ తెగల చట్టం. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ విస్తరించింది. బాపట్ల సమీపంలో 1913లో ఏర్పడిన స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలను సాల్వేషన్ ఆర్మీ పర్యవేక్షణలో ఉంచారు. ఇక్కడ గమనించవలసిన అంశం మరొకటి ఉంది. 1897 నాటి సవరణ 4 ఏళ్ల నుంచి 18 ఏళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి సంస్కరణ కేంద్రాల్లో ఉంచే అధికారాన్ని ప్రభుత్వాలకు ఇచ్చింది. అంటే పిల్లవాడు తప్పు చేయకముందే, చేస్తాడన్న ఊహ మీద శిక్షణ మొదలయింది. నేరనియంత్రణ, బాలల క్రమశిక్షణ ఒకే ఊహ నుంచి పుట్టిన సందర్భమిది.

మద్రాసు రాష్ట్రంలో 1947లో, దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. దాని స్థానంలో వచ్చిన అలవాటుపడిన నేరస్థుల చట్టాలు తెగ పేరును వదిలి వ్యక్తి పేరును పట్టుకున్నాయి. కాని నిఘా పద్ధతి కొనసాగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు స్థాయీ ఉత్తర్వుల్లోని 601వ ఉత్తర్వు ప్రకారం తెరిచే రౌడీషీటు ఆ వారసత్వంలోనిదే. న్యాయస్థానం శిక్ష విధించకపోయినా స్టేషను దస్త్రంలో పేరు ఉండవచ్చు. ఆ పేరు మీద నిఘా సాగవచ్చు.

3. మక్కా మసీదు తరవాత

2007 మే 18, శుక్రవారం ప్రార్థన సమయంలో మక్కా మసీదులో బాంబు పేలి 9 మంది మరణించారు. ఆ వెంటనే చెలరేగిన ఆందోళనపై పోలీసులు జరిపిన కాల్పుల్లో మరో 5 గురు చనిపోయారు. అదే ఏడాది ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ వద్ద జరిగిన పేలుళ్లు 40 మందికి పైగా ప్రాణాలు తీశాయి. నగరం భయంతో ఉన్న ఆ నెలల్లో పాతబస్తీ నుంచి పదుల సంఖ్యలో ముస్లిం యువకులను అదుపులోకి తీసుకున్నారు. అనేకులపై కుట్ర కేసులు నమోదయ్యాయి. చిత్రహింసల ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ ఒక న్యాయవాదిని విచారణకు నియమించింది. నిందితులు శారీరక హింసకు గురయ్యారన్న అభిప్రాయాన్ని ఆయన నివేదిక వ్యక్తం చేసింది. న్యాయస్థానాల్లో కేసులు నిలవలేదు. నిందితులు నిర్దోషులుగా బయటికి వచ్చారు.

మసీదు పేలుడు దర్యాప్తు సీబీఐకి, ఆ తరవాత జాతీయ దర్యాప్తు సంస్థకు చేరాక మరో దిశ పట్టింది. హిందుత్వ సంస్థలతో సంబంధమున్నవారిని నిందితులుగా చేర్చారు. 2018 ఏప్రిల్ 16న హైదరాబాద్ ప్రత్యేక న్యాయస్థానం సాక్ష్యాధారాలు చాలవంటూ విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులుగా విడుదల చేసింది. మసీదులో ప్రాణాలు కోల్పోయిన 9 మంది కుటుంబాలకు ఏ దోషీ కనబడలేదు. మొదటి అనుమానం తప్పుదారి పట్టడమే దీనికి కారణమని తేల్చి చెప్పలేం. కాని పేలుడు తరవాతి తొలి నెలలు దర్యాప్తుకు అత్యంత విలువైనవి. అనుమానితుణ్ణి సాక్ష్యం కాక మూసభావన ఎంపిక చేస్తే నష్టపోయేది అనుమానితుడు ఒక్కడే కాదు, బాధితుడు కూడా.

2012 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్దోషులుగా విడుదలైన 20 మందికి తలా 3 లక్షల రూపాయలు, నిర్బంధించి వదిలేసిన 50 మందికి తలా 20 వేల రూపాయలు, మొత్తం 70 లక్షలు పరిహారంగా ప్రకటించింది. సత్ప్రవర్తన ధ్రువపత్రాలు ఇవ్వడానికీ పూనుకున్నది. 2013లో హైకోర్టు, నిర్దోషిగా తేలినంత మాత్రాన పరిహారానికి హక్కు రాదంటూ ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

ఇక్కడ ధ్రువపత్రం ప్రస్తావన ఆలోచించదగినది. సత్ప్రవర్తన ధ్రువపత్రం మనకు బడి నుంచి వచ్చే కాగితం. చదువు ముగించిన విద్యార్థికి ప్రధానోపాధ్యాయుడు ఇచ్చేది. న్యాయస్థానం నిర్దోషి అన్న తరవాత కూడా మరో కాగితం అవసరమయిందంటే, ఆ తీర్పు ఇల్లు అద్దెకిచ్చేవారి దగ్గర, ఉద్యోగమిచ్చేవారి దగ్గర చాలదని ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు.

4. అరుగు, వీధి, కెమెరా

పాతబస్తీలో ఇళ్లు ఇరుకు. సాయంత్రమయ్యాక మగపిల్లలకు ఇంటి ముందరి అరుగే, అక్కడి మాటలో చబుత్రాయే కూర్చునే చోటు. 2015 ప్రాంతంలో దక్షిణ మండల పోలీసులు రాత్రి పొద్దుపోయాక చబుత్రాల మీద గుంపులుగా కూర్చున్న యువకులను పట్టుకుని, తల్లిదండ్రులను పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపే కార్యక్రమం చేపట్టారు. 'ఆపరేషన్ చబుత్రా' అన్న పేరుతో అది ప్రసిద్ధికెక్కింది. దీన్ని సమర్థించిన తల్లిదండ్రులు కూడా ఉన్నారు. రాత్రిళ్లు బైకు పందేలు, మత్తుపదార్థాలు వారికి నిజమైన బెంగలే. ఆ బెంగను తక్కువ చేయడం పరిశోధకుడికి తగదు. అయినా రెండు ప్రశ్నలు మిగులుతాయి. అరుగు మీద కూర్చోవడం ఏ చట్టం కింద నేరం? రాత్రి అదే వేళ నగరంలోని ఇతర ప్రాంతాల్లో కాఫీ దుకాణాల ముందు గుమిగూడిన యువకులకు ఇదే కౌన్సెలింగ్ ఎందుకు లేదు? కార్యక్రమం నిర్మాణమంతా బడిలోనిదే: పట్టుకోవడం, తల్లిదండ్రులను పిలవడం, మందలించడం. తేడా ఒక్కటే, మందలించేది యూనిఫాంలో ఉన్న రాజ్యం.

2021 అక్టోబరులో గంజాయి తనిఖీల్లో భాగంగా నగర పోలీసులు దారిన పోయేవారి ఫోన్లు తీసుకుని సందేశాలు వెతకడం విమర్శలకు దారితీసింది. అదే ఏడాది మే నెలలో లాక్‌డౌన్ సమయంలో సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్‌ను పాతబస్తీలో ఆపి, మాస్కు తీయించి ఫోటో తీశారు. ముఖాన్ని గుర్తించే సాంకేతికతకు చట్టబద్ధమైన ఆధారమేదని ఆయన వేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులిచ్చింది. యంత్రానికి పక్షపాతం ఉండదన్న వాదన ఇక్కడ నిలవదు. ఏ వీధిలో ఎవరిని ఆపాలో నిర్ణయించేది మనిషే. ఎక్కువ తనిఖీలు జరిగే చోట ఎక్కువ పేర్లు దస్త్రానికెక్కుతాయి. ఎక్కువ పేర్లున్న చోటు మరిన్ని తనిఖీలకు కారణమవుతుంది.

5. అంకెలు చెప్పేవి, చెప్పనివి

జాతీయ నేర నమోదు సంస్థ 2015 గణాంకాల ప్రకారం దేశంలోని శిక్షపడిన ఖైదీల్లో ముస్లింలు 15.8 శాతం, విచారణ ఖైదీల్లో 20.9 శాతం. దేశ జనాభాలో వారి వాటా 14.2 శాతం. ముస్లింలు, దళితులు, ఆదివాసులు కలిసి ఆనాటి విచారణ ఖైదీల్లో సగానికి పైగా ఉన్నారు. ఈ అంకెలు స్వతహాగా పక్షపాతానికి రుజువు కావు. బెయిలు కట్టలేని పేదరికం, న్యాయసహాయం అందకపోవడం కూడా విచారణ ఖైదీల సంఖ్యను పెంచుతాయి. కాని విచారణ ఖైదీల వాటా, శిక్షపడినవారి వాటా కన్నా హెచ్చుగా ఉండటం ఆలోచింపజేస్తుంది. అనుమానం పరిధి, రుజువు పరిధి ఒకటి కావని అది సూచిస్తుంది.

మనసులోని మాటను మరో అధ్యయనం నమోదు చేసింది. కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థల 2019 నివేదిక కోసం 21 రాష్ట్రాల్లో పోలీసు సిబ్బందిని ప్రశ్నించినప్పుడు, ముస్లింలు సహజంగా నేరాలకు మొగ్గుతారా అన్న ప్రశ్నకు 14 శాతం 'చాలావరకు', 36 శాతం 'కొంతవరకు' అని జవాబిచ్చారు. సగం మంది అభిప్రాయం ఇదైతే, అరుగు మీద కూర్చున్న కుర్రవాడి వైపు సాగే చూపు తటస్థంగా ఉంటుందని ఆశించడం కష్టం.

6. తరగతి గదిలో

పాఠశాల విషయంలో మన సమస్య అంకెలు లేకపోవడమే. అమెరికా విద్యాశాఖ 2017–18 లెక్కల్లో బడికి ముందరి తరగతుల పిల్లల్లో నల్లజాతివారు 18.2 శాతమైతే, బడి నుంచి తాత్కాలికంగా పంపివేసిన పిల్లల్లో వారు 43.3 శాతం. అసమానతను గుర్తించగలిగింది లెక్కించడం వల్లనే. మన దేశంలో బడుల నమోదు వివరాలు సామాజికవర్గాలవారీగా సేకరిస్తారు. శిక్షల వివరాలు ఆ విధంగా ప్రచురితం కావు. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. 16వ సెక్షన్ ప్రాథమిక విద్య పూర్తయ్యేవరకు బడి నుంచి తొలగించరాదన్నది. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007 అధ్యయనంలో బడికి వెళ్లే పిల్లల్లో ప్రతి ముగ్గురిలో సుమారు ఇద్దరు దెబ్బలు తిన్నామన్నారు. చట్టరీత్యా లేని శిక్షకు రిజిస్టరు ఉండదు. రిజిస్టరు లేని చోట ఎవరికి ఎక్కువ దెబ్బలు పడ్డాయో చెప్పలేం.

ముద్ర పడే తీరును ఒకోనోఫువా, ఎబర్‌హార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తల 2015 పరిశోధన స్పష్టం చేసింది. ఒకే విద్యార్థి చేసిన రెండు చిన్న తప్పుల వివరాలను ఉపాధ్యాయులకు చూపారు. మార్చింది పేరు మాత్రమే. మొదటి తప్పు విషయంలో తేడా పెద్దగా లేదు. రెండో తప్పుకు మాత్రం నల్లజాతి పేరున్న విద్యార్థికి కఠినమైన శిక్ష కావాలన్న మొగ్గు కనబడింది. మొదటిది పొరపాటుగా, రెండోది స్వభావంగా కనిపించింది. రౌడీషీటు తర్కమూ ఇదే.

పాతబస్తీ బడిలో ఇది భాష ద్వారా కూడా రావచ్చు. దక్కనీలో 'నక్కో' అన్నది వద్దు, కాదు అనడానికి ఇంటింటా వాడే మాట. మరాఠీ ఛాయ ఉన్న ఆ మాట విని పెరగని ఉపాధ్యాయుడికి అది పెడసరంగా వినిపించవచ్చు. 'ఎదురు చెప్పాడు', 'పొగరు', 'క్రమశిక్షణ లేదు' అన్నవి కొలతలేని ఆరోపణలు. ఆలస్యంగా రావడాన్ని గడియారం చెబుతుంది. పొగరును చెప్పేది వినేవాడి చెవి మాత్రమే. నాజియా ఏరమ్ 'మదరింగ్ ఎ ముస్లిం' గ్రంథం కోసం 12 నగరాల్లో 145 కుటుంబాలతో మాట్లాడినప్పుడు, మతాన్ని బట్టి పిల్లలు ఎదుర్కొనే ఎగతాళి పేర్లు వెలుగులోకి వచ్చాయి. అటువంటి మాటకు తిరగబడ్డ పిల్లవాడి కోపం తప్పుగా నమోదవుతుంది. ఆ మాట మాత్రం నమోదు కాదు.

7. దిద్దుబాటు దిశ

సుప్రీంకోర్టు 2024లో రెండు తీర్పుల్లో ఈ దిశగా అడుగు వేసింది. మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, సామాజికంగా వెనుకబడిన వర్గాల అమాయకుల పేర్లు యాంత్రికంగా హిస్టరీషీట్లలో చేరకుండా జాగ్రత్తపడాలని రాష్ట్రాలకు సూచించింది. అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో, జైలు నియమావళుల్లో కులాన్ని బట్టి పనులు పంచడాన్ని, విముక్త జాతులను అలవాటుపడిన నేరస్థులుగా చూడడాన్ని రాజ్యాంగవిరుద్ధమన్నది. వీటిని వీధికి, తరగతి గదికి చేర్చాలంటే మూడు పనులు అవసరం. ఒకటి, ఆపి తనిఖీ చేసిన ప్రతి సందర్భానికీ కారణం, చోటు, ఫలితం రాతలో ఉండాలి. రెండు, నిర్దోషిగా విడుదలైనవారి పేరు స్టేషను దస్త్రం నుంచి గడువులోగా తొలగాలి. మూడు, బడిలో పిల్లలను మందలించిన సందర్భాలకు పేర్లు లేని నమోదు ఉండి, వర్గాలవారీగా ఏటా సమీక్ష జరగాలి. లెక్కించడమే కొత్త నిఘాగా మారకుండా చూడడం వీటన్నింటికీ షరతు.

8. ముగింపు

పై పరిశీలనలో పోలీసు స్టేషను, పాఠశాల వేరువేరు సంస్థలుగా కనిపించినా, ముద్ర పడే చోటు రెండింటిలోనూ ఒకటే: కారణం రాయనక్కర లేని, పై అధికారి ప్రశ్నించని తొలి నిర్ణయం. ఆ నిర్ణయం తరవాత జరిగే విచారణ ఎంత నిష్పక్షపాతమైనా, అప్పటికే పడిన ముద్రను చెరపలేదని 2007 తరవాతి అనుభవం చెబుతున్నది. నిర్దోషికి సత్ప్రవర్తన పత్రం ఇవ్వవలసిన స్థితి రాకుండా చూడాలంటే సంస్కరణ న్యాయస్థానం మెట్ల దగ్గర కాక, అరుగు దగ్గర, చివరి బెంచీ దగ్గర మొదలు కావాలి. తెలుగు పరిశోధనలో ఆ రెండు చోట్ల నుంచి సేకరించిన క్షేత్రసమాచారం ఇంకా తక్కువే. పాతబస్తీ కళాశాలల్లో పనిచేసే అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఆ కొరతను పూరించగల దగ్గరి స్థానంలో ఉన్నారు.