అత్యాచారానికి శిక్ష: చట్టంలో ఎంత, చేతల్లో ఎంత

ఘోరం జరిగిన ప్రతిసారీ మన వీధుల్లో ఒకటే మాట: ‘నడిరోడ్డు మీద ఉరి తీయాలి.’ ఆ కోపం న్యాయమైనదే. కానీ శిక్ష ఎంత కఠినంగా ఉండాలన్న వాదనలో పడి, అసలు శిక్ష పడుతోందా అని అడగడం మరిచిపోతున్నాం. కింది విశేషాలు ఆ ప్రశ్న చుట్టూ ఏరినవి.

పదేళ్లు నిండితే చాలట

1860 నాటి భారత శిక్షాస్మృతి ప్రకారం భార్యకు పదేళ్లు నిండితే భర్త బలవంతం చేసినా అది అత్యాచారం కాదు. 1890లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. పదేళ్లు దాటిన పసిపిల్ల, తనకంటే ఎన్నో ఏళ్లు పెద్దవాడైన భర్త చేతిలో రక్తస్రావమై చనిపోయింది. వయసు పది దాటింది గనుక అత్యాచారం కింద శిక్షించడానికి చట్టంలో దారి లేదు. అతనికి పడింది ఏడాది కఠిన కారాగారం. మరుసటి ఏడాది ఆ వయసును 12కు పెంచారు.

భర్తకు ఇచ్చిన ఆ మినహాయింపు ఇప్పటికీ పోలేదు. 2017లో సుప్రీంకోర్టు భార్య వయసును 18కి పెంచింది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడా 63వ సెక్షన్‌లో అక్కడే ఆగింది.

నల్లకుంట నుంచి రాయచూరు దాకా

1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్‌స్టేషన్‌లో ఒక పేద ముస్లిం మహిళపై పోలీసులే అత్యాచారం చేశారన్న వార్త నగరాన్ని కుదిపేసింది. రిక్షా తొక్కే ఆమె భర్తను కొట్టి చంపారు. జనం తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి, విచారణకు జస్టిస్ ముక్తదర్ కమిషన్‌ను వేశారు. పోలీసులదే నేరమని కమిషన్ తేల్చింది. అయితే కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, 1981లో నిందితులంతా నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ రోజుల్లో చట్టంలో ఉరి లేకపోవడం వల్ల వాళ్లు తప్పించుకోలేదు. అసలు నేరమే రుజువు కాలేదు.

నలుగురు మేష్టార్ల ఉత్తరం

మహారాష్ట్రలో ఒక ఆదివాసీ బాలికపై పోలీస్‌స్టేషన్‌లో అత్యాచారం జరిగిన కేసులో, ఒంటి మీద గాయాలు లేవనీ ప్రతిఘటించినట్టు కనబడలేదనీ 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులను వదిలేసింది. ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగమ్‌వార్, రఘునాథ్ కేల్కర్ అనే నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ఆ తీర్పును తప్పుబడుతూ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతా మహిళా సంఘాలు కదిలాయి. 1983లో చట్టం మారింది: అత్యాచారానికి కనీస శిక్ష ఏడేళ్లు, కస్టడీలో జరిగితే పదేళ్లు. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమైంది. కస్టడీ కేసుల్లో ఆమె ‘నాకు ఇష్టం లేదు’ అని కోర్టులో చెబితే, ఇష్టముందని నిరూపించుకోవాల్సిన బాధ్యత నిందితుడిదైంది. ఈ చివరి మార్పు మిగతా రెంటికంటే పెద్దది. ఆమె మాటను నమ్మడం చట్టం అక్కడ మొదలుపెట్టింది.

29 రోజులు

2012 డిసెంబర్ 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ, జనం నుంచి వచ్చిన దాదాపు 80 వేల సూచనలు పరిశీలించి 29 రోజుల్లో నివేదిక ఇచ్చింది. దేశమంతా ఉరి అడుగుతున్న వేళ ఆ కమిటీ అత్యాచారానికి ఉరి వద్దంది. మందులతో మగతనం తీసేసే శిక్షనూ తోసిపుచ్చింది. పోలీసుల బాధ్యత, వైద్య పరీక్ష తీరు, భార్యపై అత్యాచారం వంటి వాటి మీదే ఎక్కువ పేజీలు రాసింది. అలాంటి రోజుల్లో అలా రాయడానికి ధైర్యం కావాలి. ప్రభుత్వం మాత్రం 2013 చట్టంలో బాధితురాలు చనిపోయిన లేదా జీవచ్ఛవంగా మిగిలిన కేసులకు ఉరిని చేర్చింది. భార్య సంగతి పక్కన పెట్టేసింది.

అదే కేసులో ఫాస్ట్‌ట్రాక్ కోర్టు 2013 సెప్టెంబర్‌లో, అంటే తొమ్మిది నెలల్లోపే, ఉరిశిక్ష వేసింది. ఆర్నెల్లలో హైకోర్టు ఖరారు చేసింది. సుప్రీంకోర్టు తీర్పు రావడానికి మరో మూడేళ్లు దాటింది. తీహార్ జైల్లో నలుగురిని ఉరితీసింది 2020 మార్చి 20న.

మూడు రోజుల తేడాతో రెండు ఘోరాలు

2019 నవంబర్ 24న కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ దగ్గర, ఊరూరా తిరిగి సామాను అమ్ముకునే ఒక దళిత మహిళపై అత్యాచారం చేసి చంపేశారు. మూడు రోజుల తర్వాత శంషాబాద్ దగ్గర ఒక పశువైద్యురాలికి అదే గతి పట్టింది.

రెండో కేసులో పట్టుబడ్డ నలుగురిని డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ 2022లో ఇచ్చిన నివేదిక చదివితే ఆ పూలు గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది. పోలీసులు చెప్పిన కథ నమ్మశక్యంగా లేదనీ, పది మంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరపాలనీ, చనిపోయిన వాళ్లలో ముగ్గురికి అప్పటికి 18 ఏళ్లు నిండలేదనీ ఆ నివేదిక చెప్పింది. ఆ పశువైద్యురాలి కేసులో అసలు నేరం ఎవరిదో ఏ కోర్టూ తేల్చలేదు, ఇక తేల్చదు కూడా.

మొదటి కేసులో ముగ్గురు నిందితులు ఆదిలాబాద్ ప్రత్యేక కోర్టులో నిలబడ్డారు. సాక్షులు వచ్చారు, వాదనలు జరిగాయి, 2020 జనవరి 30న ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. ఉరి సరైనదా కాదా అన్నది వేరే మాట. నేరం రుజువైంది, అదీ దాదాపు రెండు నెలల్లో. దాని మీద పూలు చల్లిన వాళ్లు లేరు. ఆమె పేదది, అడవి పక్క ఊళ్లలో తిరిగేది. రెండు ప్రాణాలకూ మనం పెట్టిన కోపం ఒకటి కాదు.

21 రోజుల చట్టం

చటాన్‌పల్లి ఘటన జరిగిన వారానికి, 2019 డిసెంబర్ 13న, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దిశ బిల్లును ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, ఉరిశిక్ష. రాష్ట్రపతి ఆమోదం దానికి దక్కలేదు. 2024లో కోల్‌కతా ఆసుపత్రిలో జరిగిన హత్యాచారం తర్వాత పశ్చిమ బెంగాల్ అసెంబ్లీ కూడా ఇలాంటి బిల్లునే హడావుడిగా ఆమోదించింది.

అయితే దిశ బిల్లుకు కొన్ని నెలల ముందే, 2019 జూన్‌లో హనుమకొండలో తొమ్మిది నెలల పసిపాపను బలిగొన్న కేసులో ఉన్న చట్టంతోనే రెండు నెలల్లోపు తీర్పు వచ్చింది. కింది కోర్టు వేసిన ఉరిని నవంబర్‌లో హైకోర్టు చివరి శ్వాస దాకా జైలుగా మార్చింది. దర్యాప్తు చేసే వాళ్లు పట్టుదలగా చేస్తే, సాక్షులు వేళకు వస్తే, ఇప్పుడున్న సెక్షన్లే సరిపోతాయి.

పొరపాటు పడితే

2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యాచారానికి గురైంది. మరుసటి ఏడాది పోలీసులు ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసి, నష్టపరిహారం ఇమ్మంది. అంటే ఎనిమిదేళ్లకు పైగా జైలు. కేసు మళ్లీ మొదటికొచ్చి సీబీఐ చేతికి వెళ్లింది. అతను దోషి కాదని ఆ అమ్మాయి తల్లిదండ్రులు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. 21 రోజుల్లో ఉరి అనే వాళ్లు ఈ కేసు ఒక్కసారి తలుచుకోవాలి.

వాకపల్లి

2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని చెప్పారు. తీర్పు 2023 ఏప్రిల్‌లో వచ్చింది, దాదాపు పదహారేళ్లకు. 13 మంది నిందితులూ విడుదలయ్యారు. దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టే చెప్పింది, మహిళలకు పరిహారం ఇవ్వాలంది, దర్యాప్తు అధికారులపై చర్యకు ఆదేశించింది. పదహారేళ్లు కోర్టు చుట్టూ తిరిగినా వాళ్ల మాటకు చివరికి ఏ తీర్పూ అండగా నిలవలేదు. ఉరి గురించి గొంతు చించుకునే చర్చల్లో వాకపల్లి పేరు నాకెప్పుడూ వినబడలేదు.

455లో 405

అమెరికాలో 1930 నుంచి అత్యాచారం నేరానికి ఉరితీసిన, కరెంటు కుర్చీలో కూర్చోబెట్టిన 455 మందిలో 405 మంది నల్లజాతి వాళ్లే. అక్కడి సుప్రీంకోర్టు 1977లో వయోజనురాలిపై అత్యాచారానికి, 2008లో చిన్నపిల్లలపై అత్యాచారానికి మరణశిక్ష చెల్లదని తేల్చింది. కఠిన శిక్ష ముందుగా ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆ అంకె చెబుతుంది.

ఇంట్లోవాడైతే

2018లో పన్నెండేళ్లలోపు బాలికలపై అత్యాచారానికి మన చట్టం ఉరిని చేర్చింది. జాతీయ నేర రికార్డుల ప్రకారం అత్యాచారం కేసుల్లో 95 శాతానికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్లే: చుట్టం, పొరుగువాడు, స్నేహితుడు. ‘నువ్వు చెబితే మామయ్యను ఉరితీస్తారు’ అని ఆ పిల్లతో ఎవరో ఒకరు అంటారు. ఇంకో భయం కూడా ఉంది. అత్యాచారానికీ హత్యకూ శిక్ష ఒకటే అయినప్పుడు, బాధితురాలిని ప్రాణాలతో వదలడానికి నేరస్తుడికి కారణం మిగలదు.

ట్యూరింగ్‌కు ఎక్కించిన మందు

మందులతో లైంగిక వాంఛను చంపే శిక్షను చాలామంది అడుగుతారు. 1952లో బ్రిటన్‌లో గణిత మేధావి అలన్ ట్యూరింగ్‌కు అదే జరిగింది. మరో మగవాడితో సంబంధమే అతని నేరం. జైలు వద్దనుకుని హార్మోన్ల ‘చికిత్స’కు ఒప్పుకున్నాడు. రెండేళ్లకు చనిపోయాడు. 2013లో రాణి పేరిట క్షమాభిక్ష వచ్చింది. ఏది లైంగిక నేరమో ప్రభుత్వాలు మార్చుకుంటూ పోతాయి. శరీరానికి చేసిన హానిని మాత్రం వెనక్కి తీసుకోలేవు.

విడుదలయ్యాక

అమెరికాలో 1996 నుంచి లైంగిక నేరస్తుల వివరాలు ఊరంతా చూసే వీలుంది. మన దగ్గర 2018లో మొదలైన జాతీయ జాబితాను పోలీసు, దర్యాప్తు సంస్థలు మాత్రమే చూడగలవు. కెనడాలో 1994 నుంచి ఇంకో పద్ధతి నడుస్తోంది: విడుదలైన నేరస్తుడి చుట్టూ నలుగురైదుగురు వలంటీర్లు ఉంటారు. రోజూ పలకరిస్తారు, అవసరమైతే నిలదీస్తారు. అతను ఒంటరిగా చీకట్లోకి జారిపోకుండా కాపలా కాస్తారు.

మన దగ్గర విడుదల ఎలా ఉంటుందో కూడా చూశాం. 2002 గుజరాత్ అల్లర్లలో సామూహిక అత్యాచారం, హత్యల కేసులో యావజ్జీవం పడ్డ 11 మందిని 2022 ఆగస్టు 15న వదిలేస్తే, వాళ్లకు దండలు వేసి మిఠాయిలు పంచారు. 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఆ విడుదల చెల్లదంది, వాళ్లు తిరిగి జైలుకెళ్లారు. దండలు వేసిన చేతులకు ఏ శిక్షా పడలేదు.

నేరస్తుడొక్కడికే కాదు శిక్ష

ఇది చాలామందికి తెలియదు. అత్యాచారం ఫిర్యాదు తీసుకోకుండా తిప్పి పంపిన పోలీసు అధికారికి కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా రెండేళ్ల కఠిన కారాగారం. ఘటన ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్ఐఆర్ నమోదు చేయాల్సిందే. ప్రైవేటు ఆసుపత్రి అయినా సరే ఉచితంగా వైద్యం చేయాలి. నిరాకరిస్తే ఆసుపత్రి బాధ్యులకు ఏడాది దాకా జైలు. ‘రెండు వేళ్ల పరీక్ష’ చేసిన డాక్టరు దుష్ప్రవర్తన కింద దోషి అని 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2018 పథకం ప్రకారం అత్యాచార బాధితురాలికి నాలుగు నుంచి ఏడు లక్షల పరిహారం ఉంది. నేరస్తుడు దొరకకపోయినా, జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరమైతే 112. ఆ పోలీసు సెక్షన్ కింద ఎంతమంది జైలుకు వెళ్లారని ఈసారి టీవీ చర్చలో ఎవరైనా అడిగితే బాగుండు.