అమేడియస్ వాద్యచతుష్టయము

రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో గూడి చిన్న సభలలో వాయించుట పాశ్చాత్య సంప్రదాయము. లండనులో వెలసిన అట్టి మేళమొకదాని చరిత్రను తల్లిదండ్రులకు మనవి చేయుచున్నాము.

1938లో ఆస్ట్రియా హిట్లరు వశము కాగా, బ్రెయినిన్, నిస్సెల్, షిడ్లాఫ్ అను యూదు బాలురు వియన్నా విడిచి ఇంగ్లండు చేరిరి. 1940లో శత్రుదేశీయులని వారిని అచట నిర్బంధించిరి. ఆ శిబిరములందే వారికి పరిచయము కలిగెను. పిమ్మట మాక్స్ రోస్టాల్ అను గురువు రుసుము గొనక వారికి విద్య గరపెను.

ముగ్గురును వయొలిన్ వారే! షిడ్లాఫ్ దానిని విడిచి, మంద్రస్వరము గల వయోలా చేపట్టెను. మొదటి స్థానమే మా వానికి కావలెనను తల్లిదండ్రులు దీనిని గమనింతురు గాక. ఆంగ్లేయుడగు మార్టిన్ లవెట్ చెల్లోతో చేరెను. 1948 జనవరి 10న విగ్‌మోర్ హాలులో అమేడియస్ పేరుతో తొలి కచేరి జరిగెను.

సుమారు నలుబదియేండ్లు ఒక్కరును మారలేదు. 1987లో షిడ్లాఫ్ మరణింపగా, తక్కిన మువ్వురు వేరొకరిని చేర్చుకొనక మేళమును చాలించిరి.