600 గజాల లోపు ఇంటికి చల్లదనం వద్దా?

వేసవిలో డాబా ఇంటి పై అంతస్తులో పడుకునేవాళ్లకు పొద్దు కుంకినా ఊరట ఉండదు. పగలంతా ఎండకు కాగిన స్లాబు ఆ వేడిని వెంటనే దింపదు. కొన్ని గంటలు తనలో దాచుకుని, సరిగ్గా పక్క పరిచే వేళకు గదిలోకి వదులుతుంది. ఫ్యాను ఆ వేడిగాలినే కిందికి తోస్తుంది. పెంకుటింటికీ, రాయలసీమ మట్టి మిద్దెకూ వేడిని కొంతైనా నిలువరించే గుణం ఉండేది. కాంక్రీటుకు మారాక బలం, మన్నిక వచ్చాయి గానీ ఆ గుణం పోయింది. దాని బదులు మరొకటి పెట్టుకోవాలన్న ఆలోచన మన ఇళ్ల ప్లాన్లలోకి ఇప్పటికీ సరిగా రాలేదు. ఇప్పుడు చట్టాలు ఆ లోటు పూడ్చడానికి చూస్తున్నాయి. చిక్కేమిటంటే, అవి మొదలవుతున్నది పెద్ద భవనాల దగ్గర. ఉక్కపోత ఎక్కువగా భరిస్తున్నది చిన్న ఇళ్లవాళ్లు.

స్లాబు ఎంత వేడిని దింపుతుందో చెప్పడానికి ఇంజనీర్లకు ఒక కొలత ఉంది. బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు పైకప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దిగుతుందన్నదే ఆ లెక్క. 15 సెంటీమీటర్ల మామూలు కాంక్రీటు స్లాబుకు అది 3 వాట్ల పైమాటే. కేంద్రం 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం విడుదల చేసిన ఎకో నివాస్ సంహిత ప్రకారం అది 1.2 దాటకూడదు. అంటే మనం రోజూ పోస్తున్న స్లాబు ఆ హద్దుకు రెండున్నర రెట్లకు పైగా వేడిని లోపలికి రానిస్తోంది. దీనికి దారులు రెండు. ఒకటి, తెల్లని పూతతో ఎండను తిప్పికొట్టడం. రెండోది, వేడి దిగకుండా స్లాబు మీద అడ్డు పొర వేయడం. వాటర్‌ప్రూఫింగ్ చేసి, దాని మీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ ఫోమ్ షీట్లు పరిచి, వాన నీరు పోయేలా వాటం చూసి పైన కాంక్రీటు పొర పోస్తే, ఆ 3 కాస్తా 1 దగ్గరికి దిగుతుంది.

పూత విషయంలో తెలంగాణ ముందడుగు వేసింది. 2023 ఏప్రిల్‌లో అయిదేళ్ల కూల్ రూఫ్ విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను చల్లగా మార్చాలని లక్ష్యం పెట్టుకుంది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ ఇది తప్పనిసరి. ఇళ్ల దగ్గరికి వచ్చేసరికి 600 చదరపు గజాలు, ఆపై స్థలంలో కట్టేవాటికే నిబంధన. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం. కేంద్ర చట్టం గీసిన గీత ఇంకా పైన ఉంది. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం నివాస భవనాలనూ తన పరిధిలోకి తెచ్చింది గానీ, 100 కిలోవాట్ల విద్యుత్ లోడ్ ఉన్న భవనాల నుంచే లెక్కలోకి తీసుకుంది. సొంత ఇంటి మీటరు లోడ్ సాధారణంగా అయిదు కిలోవాట్లు కూడా దాటదు. గేటెడ్ కమ్యూనిటీ టవరుకు నిబంధన వర్తిస్తుంది. వంద గజాల్లో ఒకే స్లాబు కింద బతికే కుటుంబానికి వర్తించదు. నిజానికి టవరులో నేరుగా స్లాబు వేడి తగిలేది పై అంతస్తు వాళ్లకే. ఒంటి అంతస్తు ఇంట్లో ప్రతి గదీ పై అంతస్తే.

చిన్న ఇంటిని వదిలేయడానికి చెప్పే మొదటి కారణం ఖర్చు. విధానం ప్రకటించినప్పుడు ప్రభుత్వమే చెప్పిన అంచనా చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. తెలంగాణలో ప్రభుత్వ సాయంతో కట్టే ఇందిరమ్మ ఇంటికి కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు, అంటే 37 చదరపు మీటర్లు. ఆ కప్పుకు పూత ఖర్చు 11 వేల రూపాయల చిల్లర. ప్రభుత్వం ఇచ్చే 5 లక్షల సాయంలో అది రెండు శాతం కంటే కాస్త ఎక్కువ. ఫోమ్ పొర ఖర్చు దీనికి కొన్ని రెట్లు ఉంటుంది కాబట్టి దాన్ని అందరి మీదా రుద్దడం సబబు కాదు. పైగా పాత ఇంటికి వేయాలంటే ఉన్న పై పొర పగలగొట్టి, లీకులు బాగుచేసి, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఫోమ్ షీటు చదరపు మీటరుకు కిలో బరువైనా తూగదు గానీ, దాని మీద పోసే కాంక్రీటు పొర ఎనభై, తొంభై కిలోలు తూగుతుంది. పాత స్లాబు ఆ బరువు మోస్తుందో లేదో ఇంజనీరు చూసి చెప్పాల్సిందే. కాబట్టి పాత ఇంటికి పూత, కొత్త ఇంటికి స్తోమతను బట్టి పొర అన్నదే నడిచే పద్ధతి.

రెండో అభ్యంతరం, ఇంతా చేస్తే తగ్గేది రెండు డిగ్రీలేనా అని. హైదరాబాద్‌లో 2017లో పేదల ఇళ్లు పాతిక ఎంచుకుని, కప్పుల మీద తెల్లని పొర పరిచి చూస్తే లోపలి వేడి సగటున రెండు డిగ్రీలు తగ్గింది. పాతిక ఇళ్ల ఫలితంతో ఊరంతటికీ తీర్పు చెప్పలేం, నిజమే. కానీ ఏసీ లేని ఇంట్లో రాత్రి రెండు డిగ్రీలంటే నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఉన్న తేడా. ఏసీ ఉన్న ఇంట్లో ఆ మేరకు కరెంటు బిల్లు తగ్గుతుంది. పూత మాసిపోతుందన్న మాటలోనూ నిజముంది. దుమ్ము పేరుకుంటే తెలుపు పనిచేయదు. ఏటా వేసవికి ముందు కప్పు కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ పూయాలి. సున్నం చవకే గానీ వానకు కొట్టుకుపోతుంది. కొత్తగా కట్టేవాళ్లు వాటర్‌ప్రూఫింగ్ మీద తెల్లటి టైల్ ముక్కలు పరిపిస్తే ఆ బెడద చాలావరకు తీరుతుంది. అయితే పైకప్పు ఒక్కటే చూసుకుంటే చాలదు. పడమటి గోడకు నీడ లేకపోతే సాయంత్రం ఎండ అటునుంచి వస్తుంది. అక్కడ సజ్జా, చెట్టు, తేలికపాటి ఏఏసీ ఇటుకలు ఆదుకుంటాయి.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం మరొకటి. చిన్న ఇంటికి ఇంకో నిబంధన పెడితే ఇంకో చేయి తడపాల్సి వస్తుందన్న భయం. మన అనుభవాలు చూస్తే దాన్ని కొట్టిపారేయలేం. అందుకే ఇక్కడ జరిమానా కంటే ప్రోత్సాహం మేలు. తెలంగాణలో 600 గజాల లోపు, 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణతోనే అనుమతి వస్తోంది. అదే పత్రంలో పైకప్పు గురించి ఒక గడి చేర్చి, పూత వేసినవారికి ఇంటిపన్నులో కొంత తగ్గించవచ్చు. కప్పు తెల్లగా ఉందో లేదో ఉపగ్రహ చిత్రమే చూపుతుంది. తనిఖీకి ఎవరూ గడప తొక్కనక్కర్లేదు. ప్రభుత్వ సాయంతో కట్టే ఇళ్లకైతే ఈ పాటి షరతు కూడా అక్కర్లేదు. సాయం నాలుగు విడతల్లో అందుతోంది కాబట్టి, ఆఖరి విడతకు పూత ఖర్చు కలిపి ప్రభుత్వమే ఇస్తే సరిపోతుంది. స్లాబు ఒకసారి పోస్తే నలభై, యాభై ఏళ్లు ఉంటుంది. ఈ ఏడాది పోసే ప్రతి స్లాబూ అన్నేళ్ల వేసవులను ముందే నిర్ణయిస్తున్నప్పుడు, 600 గజాల గీతను కిందికి జరపడానికి 2028 దాకా ఆగాల్సిన పనిలేదు.