పరేల్‌లో అమ్మ పేరు... పుణెలో నాన్న పేరు

ముంబయిలో పరేల్ స్టేషన్ దిగి తూర్పు వైపు కాసేపు నడిస్తే ఆసుపత్రుల పేట మొదలవుతుంది. కేఈఎం ఆసుపత్రి, టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి, వాటి నడుమ మందుల దుకాణాలు, చాయ్ బండ్లు. బిహార్ నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన రోగుల బంధువులు ఫుట్‌పాత్‌ల మీదే వంట చేసుకుని, అక్కడే పడుకుంటారు. ఈ సందడిలోనే, ఆచార్య దోండే మార్గ్ మీద, పిల్లల కోసమే కట్టిన ఓ పాత ఆసుపత్రి ఉంది. పేరు బాయి జెర్‌బాయి వాడియా. 1929లో తలుపులు తెరిచింది. దాని పొరుగునే, అంతకు మూడేళ్ల ముందే వెలసిన నౌరోస్‌జీ వాడియా ప్రసూతి ఆసుపత్రి. ఒకటి తల్లి పేరిట, మరొకటి తండ్రి పేరిట. రెండూ వాళ్ల కొడుకులు కట్టించినవే.

దాతలు ఆసుపత్రులు కట్టించడం వింత కాదు. వీళ్లు ఎంచుకున్న చోటు మాత్రం ఆగి చూడాల్సింది. ఇప్పుడు గాజు మేడలు లేచిన ఈ నేలంతా అప్పట్లో గిర్నీల రాజ్యం. బట్టల మిల్లులను ఇక్కడివాళ్లు గిర్నీలనే అంటారు. కొంకణ్, సతారాల నుంచి వచ్చిన మరాఠీ కూలీలతో పాటు మనవాళ్లూ ఇక్కడికి చేరారు. కరీంనగర్, నల్గొండ ప్రాంతాల పద్మశాలీలు మగ్గాలు వదిలి మరమగ్గాల దగ్గరికి వచ్చి వర్లీ, పరేల్ చాళ్లలో కాపురాలు పెట్టారు. ఒక్క గది, అందులోనే పొయ్యి, అందులోనే పురుడు. 1921లో బొంబాయిలో నమోదైన ప్రతి వెయ్యి జననాలకు 660 మందికి పైగా పసికందులు ఏడాది నిండకుండానే చనిపోయినట్టు లెక్క తేలింది. ఊళ్లో పురుడు పోసుకుని బిడ్డతో పట్నం వచ్చిన తల్లులు చాలామంది. అలాంటి బిడ్డ చనిపోతే చావు పట్నం ఖాతాలో పడేది, పుట్టుక పడేది కాదు. అందుకే ఆ అంకె కాస్త ఉబ్బినదే. ఆ ఉబ్బు తీసేసినా మిగిలేది భయంకరమే. మిల్లుకు వెళ్లే తల్లులు పిల్లలు ఏడవకుండా నిద్రపుచ్చడానికి నల్లమందు కలిపిన 'బాల గోలీ' వేసేవారని ఆనాటి నివేదికలు చెబుతాయి. ప్రసూతి సమయంలో మిల్లు స్త్రీలకు భత్యం ఇవ్వాలనే చట్టం బొంబాయి ప్రెసిడెన్సీలో వచ్చింది కూడా 1929లోనే.

ఇంతకీ ఈ వాడియాలు ఎవరు? ఓడలు కట్టిన పార్సీలు. లవ్‌జీ నుసర్‌వాన్‌జీ వాడియా 1736లో ఈస్టిండియా కంపెనీ పిలుపు మీద సూరత్ నుంచి బొంబాయి వచ్చి డాక్‌యార్డు నిలబెట్టాడు. ఆ వంశం తరతరాలుగా టేకుతో ఓడలు కట్టి బ్రిటిష్ నౌకాదళానికి ఇచ్చింది. నల్లమందు యుద్ధం తర్వాత 1842లో చైనా చేత నాన్‌కింగ్ ఒప్పందం మీద సంతకం చేయించింది ఈ కుటుంబం కట్టిన కార్న్‌వాలిస్ ఓడ మీదే. 1817 అక్టోబరులో బొంబాయిలో నీళ్లలోకి దిగిన ట్రింకోమలీ ఇంకా బతికే ఉంది. 150 అడుగుల ఫిరంగుల అంతస్తున్న ఆ ఓడను ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్ రేవులో చూడొచ్చు. రెండు వందల ఏళ్లు దాటినా మన టేకు ఇంకా నీటి మీద తేలుతోంది! ఇనుప ఓడలు వచ్చాక ఆ వృత్తి సన్నగిల్లింది. 1879లో నౌరోస్‌జీ వాడియా బాంబే డైయింగ్ స్థాపించి కుటుంబాన్ని నూలు వైపు తిప్పాడు.

1899లో ఆయన పోయాక అసలు కథ భార్య జెర్‌బాయిది. ఆమె ఆస్తిని పేద, మధ్యతరగతి పార్సీల ఇళ్ల మీద పెట్టింది. లాల్‌బాగ్‌లో భర్త పేరిట కట్టించిన నౌరోజ్ బాగ్‌తో మొదలైన ఆ పని నగరంలో చాలా చోట్లకు పాకింది. బైకుల్లాలో రుస్తుం బాగ్, జెర్ బాగ్, కొలాబాలో ఖుస్రో బాగ్ ఆ వరుసలోవే. అవి ఇప్పటికీ పార్సీలకే. కొడుకులు ఖుస్రో, నెస్ మాత్రం గీత దాటారు. 1926లో తల్లి కన్నుమూసింది. ఆమె పేరిట కట్టిన ఆసుపత్రికి కులం లేదు, మతం లేదు. తల్లి తన సమాజానికి ఇల్లు కట్టింది, కొడుకులు తమ మిల్లు కూలీల పిల్లలకు మంచం వేశారు. ఆ సంపద పుట్టిందీ అదే కూలీల చెమటలో కదా అని ఎవరైనా అంటే కాదనలేం. కానీ ఆనాడు ఆ లెక్క గుర్తుపెట్టుకున్న మిల్లు యజమానులు ఎందరు?

నేడు ఈ పిల్లల ఆసుపత్రిలో మూడు వందలకు పైగా పడకలున్నాయి. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, గుండెలో రంధ్రం ఉన్నవాళ్లు, క్యాన్సర్ పిల్లలు వస్తారు. పెద్దల ఆసుపత్రిలో పిల్లలకు ఓ వార్డు ఇవ్వడం వేరు, ఆసుపత్రి మొత్తం పిల్లల కొలతకే ఉండటం వేరు. నరాల్లోకి ఎక్కించే సూది నుంచి మత్తుమందు మోతాదు దాకా ఇక్కడ అన్నీ చిన్నవే. 2014లో ఇక్కడి వైద్యులు అతుక్కుపుట్టిన కవల ఆడపిల్లలను విడదీశారు. ఆ తర్వాత ఆ పిల్లలు చాలాకాలం ఆసుపత్రిలోనే పెరిగారు.

అయితే కట్టడం ఒకసారి ఖర్చు, నడపడం రోజూ ఖర్చు. ట్రస్టుతో పాటు ముంబయి మున్సిపల్ కార్పొరేషన్, రాష్ట్ర ప్రభుత్వం కూడా ఈ ఆసుపత్రుల భారం మోయాలన్నది ఒప్పందం. బకాయిల మీద తగవులాట ముదిరి 2020 జనవరిలో కొత్త రోగులను చేర్చుకోవడం ఆగిపోయేదాకా వచ్చింది. సిబ్బంది, రోగుల బంధువులు రోడ్డెక్కారు. విగ్రహాలకు ఉన్న డబ్బు ఆసుపత్రికి ఎందుకు లేదని బొంబాయి హైకోర్టు ప్రభుత్వాన్ని నిలదీశాకే నిధులు కదిలాయి. తప్పు ఎవరిదన్నది లెక్కల తగాదా. దాతల పేరు రాతి మీద ఉన్నంత మాత్రాన జీతాలు, మందుల ఖర్చులు వాటంతటవే తీరవని మాత్రం తేలిపోయింది.

వాడియాల దానాల్లో రెండో మజిలీ పుణెలో ఉంది. ప్రిన్సిపల్ వి.కె. జోగ్ చొరవతో ఏర్పడిన మోడరన్ ఎడ్యుకేషన్ సొసైటీ 1932లో అక్కడ కాలేజీ తెరిచింది. వాడియా సోదరుల విరాళంతో దానికి వాళ్ల తండ్రి పేరు వచ్చింది: నౌరోస్‌జీ వాడియా కాలేజీ. 1938లో పెద్ద కొడుకు పేరిట ఖుస్రో వాడియా సాంకేతిక విద్యా సంస్థ, 1969లో చిన్న కొడుకు పేరిట నెస్ వాడియా కామర్స్ కాలేజీ తోడయ్యాయి. నెస్ కొడుకు నెవిల్ పేరిట మేనేజ్‌మెంట్ సంస్థ కూడా ఉంది. ఆ నెవిల్ మరెవరో కాదు, మహమ్మద్ అలీ జిన్నాకు అల్లుడు! అన్నట్టు, పుణె ఫెర్గూసన్ కాలేజీలోని వాడియా యాంఫీథియేటర్, డెహ్రాడూన్‌లోని వాడియా హిమాలయ భూగర్భ పరిశోధన సంస్థ వీళ్లవి కావు. ఇంటిపేరు ఒకటే, మనుషులు వేరు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లు దాదర్‌లో ఆగే రైలు ఎక్కితే అక్కడి నుంచి పరేల్ లోకల్ రైలులో ఒక్క స్టేషనే. పశ్చిమ రైల్వే మీదుగా వస్తే ప్రభాదేవిలో దిగాలి. పుణె కాలేజీ ఆ ఊరి రైల్వే స్టేషన్‌కు దగ్గరే. చికిత్స కోసం వెళ్తే పాత రిపోర్టులు, రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. చూడటానికి మాత్రమే వెళ్లేవాళ్లు గేటు బయటి నుంచే చూసి రండి. లోపల బెంచీలు పిల్లల్ని ఎత్తుకొచ్చిన తల్లులకే చాలవు.